ఉత్తుత్తి మందుకు అనుమతి

ఆ పరిశోధనా సంస్థలో ఏసీ ఉన్న గది ఒక్కటే. అందులో దోమలుంటాయి.

డైరెక్టరు భుజంగరావు గారి గదిలో ఫ్యాను తిరగాలంటే ముందు కర్రతో ఒక తోపు తోయాలి. శాస్త్రవేత్తల గదిలో ఆ కర్ర కూడా లేదు. దోమలకు మాత్రం ఏ కాలంలోనైనా ఒకే చలువ, ఒకే తేమ, పంచదార నీళ్లలో ముంచిన దూది, కరెంటు పోతే వాటి కోసమే ఒక జనరేటరు. దోమల్ని తరిమే మందు కనిపెట్టడానికి పెట్టిన సంస్థ కనుక ముందు దోమలు కులాసాగా ఉండాలన్నది అక్కడి సిద్ధాంతం. సంస్థ పుట్టి చాలా ఏళ్లయింది. దోమలు కులాసాగానే ఉన్నాయి. మందే రాలేదు. రాలేదని ఎవరూ దిగులు పడనూ లేదు.

అలాంటి చోట డాక్టర్ నీలవేణి నిజంగానే మందు తయారుచేసి కూర్చుంది.

వావిలాకు నూనె, నిమ్మగడ్డి నూనె తీసి, కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించి, వాటిని అందులో కలిపింది. కుడిచేతికి పూసుకుని, ఆకలి మీదున్న ఆడదోమల పంజరంలో మోచేతిదాకా పెట్టింది. ఎడమచేతిని ఏమీ పూయకుండానే పెట్టింది. ఎడమచెయ్యి కాసేపట్లో దద్దుర్లు తేలి బూరెలా ఉబ్బింది. కుడిచేతి దగ్గరికి వచ్చిన దోమలు తప్పు ఇంటి తలుపు తట్టినట్టు మొహం తిప్పుకుని వెళ్లిపోయాయి. మళ్లీ చూసింది, మర్నాడూ చూసింది. అదే తంతు. నీలవేణి ఉబ్బిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎవరూ లేరు గదా అని కాసేపు ఏడ్చింది. సంతోషంతోనే.

ఆ ఏడుపు వెనక కొండమామిడి ఉంది. మన్యంలో ఘాటు రోడ్డు దిగి, వాగు దాటి, ఇంకా కొంత నడిస్తే వచ్చే ఊరు అది. అక్కడ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల ఉంది, దానికో హాస్టలు ఉంది. దోమల లెక్కల కోసం నీలవేణి ఏటా అక్కడికి వెళ్లేది. వానలు పడ్డాయంటే పిల్లలు ఒకళ్ల తర్వాత ఒకళ్లు దుప్పట్లు కప్పుకుని వణకడం మొదలుపెట్టేవారు. దోమతెరలు ఇచ్చారు గానీ దోమలు పిల్లలు పడుకునేదాకా ఆగవు. పొద్దువాలి, పిల్లలు వరండాలో కూర్చుని చదువుకునే వేళకే వచ్చేస్తాయి. పోయిన వానల్లో ఆరో తరగతి పిల్ల ఒకతిని డోలీలో కట్టి కిందికి మోసుకెళ్లారు. ఆ పిల్ల మళ్లీ పైకి రాలేదు. దాని పెట్టె చాలా రోజులు మంచం కిందే ఉండిపోయింది. నీలవేణి ఆ పెట్టెను చూసింది.

వార్డెను సన్యాసమ్మ ఆవిడను ఎప్పుడూ ఒకటే అడిగేది.

"ఈ వానలకైనా వత్తాదా మేడమ్, మీ మందు?"

"వస్తుంది సన్యాసమ్మగారూ" అని ఈసారి నీలవేణి ఫోనులో గట్టిగానే చెప్పింది.

మందు వచ్చిందంటే సరిపోదు, వచ్చిందని తేలాలి. తేల్చే సంఘానికి అధ్యక్షులు ఆచార్య దండపాణి గారు. ఆయన మాట్లాడుతుంటే ప్రతి వాక్యం చివరా ముద్ర గుద్దినట్టు వినిపించేది. నీలవేణి చేతుల ఫొటోలు చూసి ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"దోమ కుట్టలేదన్నది సంఘటన మాత్రమే. అది ప్రమాణం కాదు. కొందరికి మీ మందు ఇవ్వవలె. కొందరికి మందు లేని మందు ఇవ్వవలె. ఏది ఎవరిదో పుచ్చుకునేవారికి తెలియరాదు, ఇచ్చేవారికి తెలియరాదు. దీనిని ఉభయాంధ పరీక్ష అందురు."

"అంటే ఉత్తుత్తి మందన్నమాట" అన్నారు భుజంగరావు గారు, అర్థమైందని తెలియడానికి.

ఆ పేరే నిలిచిపోయింది. తర్వాత వచ్చిన ఉత్తర్వులన్నిట్లోనూ 'ఉత్తుత్తి మందు' అనే రాశారు.

నీలవేణికి ఆ పద్ధతి మీద పేచీ లేదు, చదువుకున్నదీ అదే. కొబ్బరినూనె, మైనం మాత్రమే కలిపి ఉత్తుత్తి మందు చేసింది. అసలు మందుకు పచ్చమూత, ఉత్తుత్తికి ఎర్రమూత. ఏ మూతలో ఏముందో రాసిన కాయితం సీలు వేసి భుజంగరావు గారి బీరువాలో పెట్టారు. డబ్బాలు సంఘం ముందు పెట్టగానే దండపాణి గారు పచ్చమూత తీసి వాసన చూశారు. ఎర్రమూత తీసి వాసన చూశారు. ఆయన మొహం మాడిపోయింది.

"అంధత్వమెక్కడ? పుట్టుగుడ్డి కూడా ముక్కుతో చెప్పేయగలడు గదా ఏది ఏదో."

మాట నిజమే. వావిలి వాసన దాచినా దాగేది కాదు. దాంతో 'వాసన సమీకరణ ఉపసంఘం' పుట్టింది. దానికి భుజంగరావు గారు అధ్యక్షులు, అగరొత్తుల వ్యాపారి ఒకాయన నిపుణ సభ్యుడు. ఎర్రమూత డబ్బాలో మొదట మల్లె కలిపారు, తర్వాత కర్పూరం, ఆ తర్వాత జవ్వాది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక సభ్యులంతా వరసగా కూర్చుని కళ్లకు గంతలు కట్టుకుని వాసన చూసేవారు. ప్రతిసారీ అందరూ సరిగ్గా చెప్పేసేవారు. ఒక్క టైపిస్టు మాత్రం చెప్పలేకపోయాడు. అతనికి జలుబు చేసింది.

జలుబు కబురు వినగానే దండపాణి గారికి కొత్త ఆలోచన వచ్చింది. పరీక్షకు జలుబు చేసిన పిల్లలనే ఎంపిక చేయవలెనన్నారు. జలుబు తగ్గితే పరీక్ష నుంచి తొలగింపవలెనన్నారు. కొండమామిడి హాస్టలుకు జలుబు నిర్వహణ మార్గదర్శకాలు వెళ్లాయి. అవి చదివి సన్యాసమ్మ ఫోను చేసింది.

"ఏటి మేడమ్, పిల్లలికి జలుబు తగ్గకుండా సూడమంతన్నారు? జొరం మందుకు గదా మీరొత్తన్నారు?"

నీలవేణి ఆ కాయితం పట్టుకుని ఉపసంఘం ముందు నిలబడి, ఆ పని మాత్రం జరగనివ్వనని చెప్పింది. ఆవిడ గొంతు పెంచడం అంతకుముందు అక్కడ ఎవరూ వినలేదు. భుజంగరావు గారు కంగారుపడి మంచినీళ్లు తెప్పించారు. అప్పటిదాకా నోరు విప్పని అగరొత్తుల వ్యాపారి అప్పుడే అన్నాడు.

"ఆ వాసనే రావాలంటే ఆ నూనె పొయ్యాల్సిందేనండి. ఇంకోటి కుదరదు."

దండపాణి గారు మెల్లగా తలూపారు. వావిలి నూనె, నిమ్మగడ్డి నూనె ఎర్రమూత డబ్బాలో కూడా కలపవలెనని, వాసన పాళ్లు కూడా సమానంగా ఉండాలి గనుక అసలు మందులో ఎంతో ఇందులోనూ అంతే కలపవలెనని తీర్మానం రాయించారు.

"సార్, అప్పుడు రెండూ ఒకటే కదా" అంది నీలవేణి.

"ఒకటి ఎట్లగును? దీని మూత పచ్చన. దాని మూత ఎర్రన."

"మూతలు కాదు సార్, లోపల..."

"లోపల కూడా భేదమున్నది. పచ్చమూతలో ఆ నూనెను దోమలను తరుముటకు వేసినారు. ఎర్రమూతలో వాసన కొరకు వేసినారు. ఉద్దేశము వేరు. ఉద్దేశమే ప్రధానము."

నీలవేణి వాదించడానికి నోరు తెరిచింది. అంతలో ఆవిడకు కొండమామిడి హాస్టల్లోని రెండు గదులు గుర్తొచ్చాయి. ఒక గదికి పచ్చమూత, ఒక గదికి ఎర్రమూత. ఎర్రమూత గదిలో పిల్లలకు ఉత్త మైనం పూసి, ఎంతమందికి జ్వరాలొస్తాయో లెక్క రాయాలి. పరీక్ష అంటే అదే. ఆ సంగతి తలుచుకుంటేనే ఆవిడకు కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు. ఇప్పుడీ తెలివైన తీర్మానంతో రెండు గదులకూ మందు దొరుకుతుంది. ఈ వానలకు ఏ పిల్లా డోలీ ఎక్కదు.

నోరు మూసుకుంది. తీర్మానం కింద సంతకం పెట్టింది. లోపల్లోపల నవ్వుకుంది కూడా. వాళ్ల మూర్ఖత్వం తన పని చేసిపెడుతోందనుకుంది.

వానలు మొదలయ్యాయి. కొండమామిడిలో పొద్దువాలేసరికి పిల్లలు వరండాలో బారులు తీరి చేతులకీ కాళ్లకీ మెడకీ రాసుకునేవారు. ఎర్రమూత గదిలో సుమలత అనే ఏడో తరగతి పిల్లకు ఆ వాసనంటే మహా ఇష్టం. పాఠం చదువుతూ మధ్యమధ్యలో తన మోచెయ్యి తనే వాసన చూసుకుని నవ్వుకునేది. దోమలు వరండా దాకా వచ్చి పోతున్నాయి. రెండు గదుల్లోనూ దుప్పటి కప్పుకుని వణికిన పిల్ల లేదు.

పరీక్ష సవ్యంగా జరుగుతోందో లేదో చూడటానికి దండపాణి గారే స్వయంగా కొండెక్కి వచ్చారు. ఆయనకు పాఠశాల ఆఫీసు గదిలో పక్క వేశారు. సాయంత్రం సన్యాసమ్మ ఒక డబ్బా తెచ్చి ముందు పెట్టింది.

"రాసుకోండి బాబూ. ఇక్కడ దోమలు మా సెడ్డవి."

"పరిశీలకుడు తటస్థుడు. పచ్చ పక్షమూ వహించరాదు, ఎర్ర పక్షమూ వహించరాదు" అని ఆయన డబ్బాను వేలితో అవతలికి జరిపారు.

దోమలు ఆయన తటస్థతను పూర్తిగా గౌరవించాయి. పిల్లల దగ్గర దొరకనిదంతా ఆయన దగ్గర తీర్చుకున్నాయి. సంస్థకు తిరిగి వచ్చిన కొన్నాళ్లకు ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. మూడు రగ్గులు కప్పినా మంచం గడగడలాడింది. నెత్తురు పరీక్షలో మలేరియా అని తేలింది. నీలవేణి ఆస్పత్రిలో చూడటానికి వెళ్లి, కొండమామిడి పాఠశాలలో మందు రాసుకోకుండా ఉన్నది ఆయన ఒక్కరేనని, జ్వరం వచ్చిందీ ఆయనకేనని, ఆ సంగతి నివేదికలో రాయమని ప్రాధేయపడింది.

"పరిశీలకుని జ్వరము... పరీక్ష పరిధిలోనికి... రాదు" అన్నారాయన, పళ్లు టకటకమంటుండగా.

ఫలితాలు విప్పే రోజున భుజంగరావు గారు మడుగుల హల్వా తెప్పించారు. ఫలితం ఏదైనా హల్వా ఉంటుంది. నీరసంగా ఉన్నా దండపాణి గారు లేచి నిలబడి చదివారు. పచ్చమూత గదిలో జ్వరాలు లేవు. ఎర్రమూత గదిలోనూ లేవు. రెంటికీ రవ్వంత భేదము లేదు.

"ఉత్తుత్తి మందుకంటె ఏ విధముగాను మెరుగు కానందున పచ్చమూత లేపనము దోమలపై నిరుపయోగమని తీర్మానించడమైనది."

నీలవేణి హల్వా ముక్క చేతిలో అలాగే పట్టుకుని కూర్చుంది.

"సార్, నిరుపయోగం కాదు. రెండూ పనిచేశాయి. రెంట్లో ఉన్నదీ నా మందే."

"మందు పనిచేసినదని చెప్పవలెనంటే ఉత్తుత్తి మందు పనిచేయరాదు. అది శాస్త్ర మర్యాద."

"మీరే కదా సార్ అందులో నూనె కలిపించారు."

"వాసన కొరకు. తీర్మానము చూడండి. మీ సంతకమున్నది."

కథ అక్కడితో ముగిసిపోయేదే. కానీ ఆ సమావేశానికి హాస్టళ్ల కమిషనరు గారు కూడా వచ్చారు. ఆయన అంతసేపూ ఫోను చూసుకుంటూ కూర్చుని, చివర్లో తలెత్తారు.

"ఒక్క నిమిషం. ఆ ఎర్రమూత రాసుకున్న పిల్లలకి జ్వరాలు రాలేదంటారు?"

"రాలేదండి."

"అందులో మందు కూడా లేదంటారు?"

"లేశమాత్రమైనా లేదండి" అన్నారు దండపాణి గారు గర్వంగా.

"మందు లేకుండానే జ్వరాలు ఆపుతోందంటే ఇంకేం కావాలయ్యా? దుష్ఫలితాలు అడగడానికే లేదు. రేపు అసెంబ్లీలో ఎవరూ మా మంత్రిగారిని ప్రశ్న వెయ్యలేరు. అన్ని ఆశ్రమ హాస్టళ్లకీ అదే ఇచ్చేద్దాం."

అలా పచ్చమూత రద్దయింది, ఎర్రమూతకు అనుమతి వచ్చింది. భుజంగరావు గారు నీలవేణి చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏ మూతైతేనేం, పిల్లలకు చేరేది తన లేపనమేగా అని మనసుకు సర్దిచెప్పుకుంది. హల్వా ముక్క నోట్లో వేసుకుంది. మళ్లీ ఏమీ మాట్లాడలేదు.

పెద్ద ఎత్తున తయారుచేయడానికి పాళ్లు రాసి పంపే పని మళ్లీ దండపాణి గారి సంఘానిదే. ఆయన ఎర్రమూత దస్త్రం మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివారు. శ్రద్ధగా చదివేవాళ్లతోనే ప్రమాదం. అందులో నూనె ఎందుకుంది? పచ్చమూతతో వాసన సమానం కావడానికి. పచ్చమూత ఇప్పుడున్నదా? రద్దయింది. లేనిదానితో సమానము కావలసిన పనేమి? నూనె తీసేయించారు. కొబ్బరినూనె, తేనెమైనం మిగిలాయి. నీలవేణికి సంగతి తెలిసేసరికి డబ్బాలు లారీలెక్కి కొండల్లోకి వెళ్లిపోయాయి. వానలు మళ్లీ దగ్గరికొచ్చాయి.

ఆవిడ దండపాణి గారి గదిలోకి అనుమతి అడక్కుండా వెళ్లింది.

"సార్, అది ఉత్త మైనం. అది రాస్తే ఏమీ ఆగదు."

"ఉత్తుత్తి మందు నిర్వచనమే అది గదమ్మా. ఇంతకు మునుపు అందులో నూనె ఉండుటయే అసహజము. ఇప్పుడు శుద్ధి చేసినాము."

సన్యాసమ్మ ఫోను వానలతో పాటే వచ్చింది.

"మేడమ్, కొత్త డబ్బాలొచ్చాయి. వాసనే నేదు. పిల్లలు నలుగురు పడ్డారు. ఇయి మీరు సేసినవి కావని సుమలత అంతన్నాది. అవునా?"

జ్వరాల కబురు సంఘానికి కూడా చేరింది. సంఘం చాలాసేపు కూర్చుని కారణం కనిపెట్టింది. మందు లేకుండా పనిచేసిన మందు ఇప్పుడు పనిచేయలేదంటే లోపం రాసుకునేవారి నమ్మకంలో ఉన్నదని తేల్చింది. హాస్టళ్లన్నిటికీ ఉత్తర్వు వెళ్లింది. ఇకమీదట బాలికలు లేపనం రాసుకునేటప్పుడు కుడిచెయ్యి ముందుకు చాపి, 'ఇది పనిచేస్తుంది, నేను నమ్ముతున్నాను' అని గట్టిగా పలకవలెను. వార్డెను పర్యవేక్షించవలెను.

కొండమామిడిలో పిల్లలు ప్రతి సాయంత్రం వరండాలో నిలబడి పలికారు. చాపిన చేతుల మీద దోమలు వాలాయి. సుమలత గొంతు అందరికంటే గట్టిగా వినిపించేది. ఒకరోజు ఆ గొంతు వినిపించలేదు.

సుమలతను డోలీలో కట్టి వాగు దాటించారని తెలియగానే నీలవేణి బస్సెక్కి ఏజెన్సీ ఆస్పత్రికి వెళ్లింది. పిల్ల కళ్లు గుంటలు పడి, పెదాలు పగిలి, మంచానికి అంటుకుపోయి ఉంది. నీలవేణిని చూసి లేవబోయింది.

"నాను గట్టిగానే సెప్పాను మేడమ్. నమ్మే సెప్పాను."

నీలవేణి ఆ చేతిని పట్టుకుని కూర్చుండిపోయింది. ఆవిడకు దండపాణి గారి మీద కోపం రాలేదు. తన మీద వచ్చింది. తెలివిగా ఊరుకున్నాననుకున్న రెండుసార్లూ గుర్తొచ్చాయి. సన్యాసమ్మ ఆస్పత్రి వరండాలో నిలబడి చీర కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఆవిడ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

తిరిగి వచ్చాక నీలవేణి దరఖాస్తు రాసింది. ఇన్నాళ్లూ తను మాట్లాడిన భాష వదిలేసి, వాళ్ల భాషలో రాసింది. తీసుకెళ్లి భుజంగరావు గారి గదిలో, దండపాణి గారి ముందు పెట్టింది. ఆయన పైకి చదివారు.

"పచ్చమూత లేపనము నిరుపయోగమని గౌరవ సంఘము వారు తీర్మానించి యున్నందున అది మందు కాదు. మందు కానందున మందుల అనుమతి వర్తించదు. కావున సదరు నిరుపయోగ పదార్థమును పారవేయుటకు అనుమతింప ప్రార్థన. పారవేయు స్థలము: కొండమామిడి బాలికల హాస్టలు. పారవేయు విధానము: ప్రతి సాయంత్రము బాలికల ఒంటిమీద పలుచగా పూయుట."

దండపాణి గారు ఆ కాయితాన్ని వెనకా ముందూ తిప్పి చూశారు. లొసుగు దొరకలేదు. ఆయన ముఖంలో ఎన్నడూ లేని గౌరవం కనిపించింది.

"నిల్వ ఎంత ఉన్నది?"

"కొంచెమే సార్."

"అది అయిపోయిన తర్వాత?"

"మళ్లీ చేసి మళ్లీ పారేస్తాను సార్."

"నిరుపయోగ పదార్థమును పదేపదే తయారుచేయుటకు నిషేధమేమైనా ఉన్నదా?" అని ఆయన భుజంగరావు గారిని అడిగారు.

"మన సంస్థలోనా?" అన్నారు భుజంగరావు గారు ఆశ్చర్యపోతూ.

సంతకాలు పడ్డాయి. నీలవేణి తలుపు దాటుతుండగా దండపాణి గారు గొంతు తగ్గించి పిలిచారు. పరిశీలన నిమిత్తం ఆయన మళ్లీ కొండమామిడి వెళ్లవలసి ఉందట.

"అమ్మా, పారవేయునప్పుడు... నా మీద కూడా కొంచెం పారవేయుదురా?"

"మీరు తటస్థులు కదా సార్" అని నీలవేణి బల్లమీద ఒక ఎర్రమూత డబ్బా పెట్టి వచ్చేసింది.

ఆవిడ పచ్చమూత డబ్బాల మూటతో వాగు దాటి హాస్టలు చేరేసరికి పొద్దువాలుతోంది. సుమలత ఆస్పత్రి నుంచి వచ్చేసింది గానీ ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. సన్యాసమ్మ డబ్బా మూత తీయగానే వరండా అంతా వావిలి వాసన కమ్ముకుంది. పిల్లలు అలవాటు ప్రకారం బారులు తీరి కుడిచేతులు ముందుకు చాపారు.

"ఇప్పుడేటనాలి మేడమ్?" అంది సుమలత.

"ఏమీ అనక్కర్లేదమ్మా. ఇది పనిచెయ్యదని కాయితం ఉంది. రాసుకో."